కాటాలాయన, ఆయన బల్లి

మా భోజనాల బల్ల కాళ్ళలో ఒకదాని కింద మడతపెట్టిన అట్టముక్క ఉంది. ఇల్లు తుడిచేటప్పుడు మా ఆవిడ దాన్ని తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ అదే కాలి కింద అదే మడతతో పెడుతుంది. ఎనిమిదేళ్ళుగా అది అక్కడే ఉంది. పెట్టినాయన పోయిన నెల రేపల్లెలో చనిపోయాడు.

ఆయనకి నేనొక మాట చెప్పాలి. చెప్పడానికి ఆరేళ్ళ వ్యవధి దొరికింది. తెనాలిలో రైలెక్కితే గంటలో రేపల్లె. రిటైరైన మాస్టారిని, తీరిక లేదనడానికి కూడా లేదు. వెళ్ళలేదు, చెప్పలేదు.

ఆయన పేరు రాయను. రాసినా మా వీధిలో చాలామందికి ఎవరో తెలియదు. అందరికీ ఆయన కాటాలాయన. కిరాణా కొట్లలో, రైసు మిల్లుల్లో, ఎరువుల దుకాణాల్లో తూకం కాటాలు బాగుచేసేవాడు. చుండూరు, జంపని, కర్లపాలెం, ఎక్కడ కాటా మొరాయిస్తే అక్కడికి మోపెడ్ మీద వెళ్ళేవాడు. వెనక సీటుకి ఒక చెక్కపెట్టె కట్టి ఉండేది. అందులో మెత్తటి గుడ్డల్లో చుట్టిన ఇత్తడి తూకపు రాళ్ళు. వాటిని వేళ్ళతో ముట్టుకునేవాడు కాదు, గుడ్డతోనే పట్టుకునేవాడు. వేలి చెమట కూడా బరువేనట.

మా మేడ మీద గది అద్దెకు చూడ్డానికి వచ్చిన రోజున మా ఆవిడ కాఫీ ఇచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక క్షణం దాన్నే చూశాడు. జేబులోంచి చిన్న రసమట్టం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో నీటిబుడగ ఒక పక్కకి జరిగి ఆగింది.

"మాస్టారూ, మీ బల్ల వీధి వైపుకి వంగిందండి."

"ఇరవై ఏళ్ళుగా దీని మీదే తింటున్నాం. ఏం కాలేదే!"

"ఏం కాదండి. పప్పుచారు ఒక పక్కకి పోతుంది, అంతే."

మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఆయన వంగి, తన సంచీలోంచి ఒక అట్ట తీసి, మూడు మడతలు పెట్టి కాలి కింద దోపి, మళ్ళీ రసమట్టం చూసి, సంతృప్తిగా కాఫీ తాగాడు. గది ఇవ్వడానికి ఒప్పుకున్నాను. కానీ ఆ రోజే నా మనసులో ఒక ముల్లు పడింది. పరాయి ఇంట్లో కాలు పెట్టగానే వంకర వెతికే మనిషి ఏం మనిషి?

ఆయనకి ఊతపదంలాంటి మాట ఒకటుండేది. తూకం తప్పుతోందని కొట్టువాళ్ళు కాటాని తిడుతుంటే అనేవాడు: "కాటా అబద్ధమాడదండి. కింద బల్ల వంకరగా ఉంటుంది." అది నన్ను ఉద్దేశించి అన్నట్టే నాకు వినిపించేది.

ఆయన ఎవరినీ 'నువ్వు' అనేవాడు కాదు. పాలు పోసే కుర్రాణ్ణి, చెత్తబండి అమ్మాయిని, అందరినీ 'మీరు' అనేవాడు. గదిలో చేరిన నాలుగో రోజు మేడమెట్ల దగ్గర నిలబడి ఉంటే పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"రండి, రండి. భయపడకండి. తూకం చూద్దాం, రండి. ఆఁ, అలా నిలబడండి. యాభై రెండు. కిందటి వారం కన్నా పెరిగారండి."

ఎవరో వచ్చారనుకున్నాను. గంటసేపు వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాను, దిగేవాళ్ళెవరో చూద్దామని. ఎవరూ దిగలేదు. అప్పటినుంచి నేను ఆ గదికి కాపలా కాయడం మొదలుపెట్టాను. కాపలా అన్న మాట ఇప్పుడంటున్నాను. అప్పుడైతే ఇంటి యజమాని జాగ్రత్త అనుకున్నాను.

నిజానికి ఆయన ఏదీ దాచలేదు. ఆ ఆదివారమే మమ్మల్నిద్దర్నీ పైకి పిలిచాడు. బల్ల మీద ముందువైపు పక్కకి జరిగే అద్దం తలుపున్న చెక్కపెట్టె. లోపల ఒక పక్క వెచ్చగా ఉండటానికి కింద కరెంటు పట్టీ, ఇంకో పక్క తడిగుడ్డ, మధ్యలో బోర్లించిన కొబ్బరిచిప్ప. చిప్పకి కోసిన వాకిట్లోంచి ఒక తల బయటికొచ్చింది. పసుపు రంగు ఒంటి మీద నల్లటి చుక్కలు. బొద్దుగా, ఉంగరాలు ఉంగరాలుగా తోక. నోరు నవ్వుతున్నట్టే ఉంది.

"బల్లా?" అంది మా ఆవిడ, నా వెనక్కి జరిగి.

"బల్లేనమ్మా. మన గోడబల్లి కాదు, వేరే దేశాల్లోది. చిరుతబల్లి అనుకోండి. విజయవాడలో ఒకాయన చేపల తొట్ల కొట్టు మూసేస్తూ ఉన్నవన్నీ ఇచ్చేశాడు. దీన్ని ఎవరూ తీసుకోలేదు. నేను కాటా బాగుచేయడానికెళ్ళానండి. చూస్తూ ఉంటే రెప్ప వేసింది."

"రెప్పేంటి?"

"గోడబల్లికి రెప్పలుండవు కదమ్మా. దీనికున్నాయి. నన్ను చూసి ఇలా మూసి, ఇలా తెరిచిందండి. ఇంక వదిలేసి రాబుద్ధి కాలేదు. నేను కుక్కని కూడా పెంచి ఎరగను. మొదటిది ఇదే."

బీరువా తలుపుకి అంటించిన కాగితం కూడా చూపించాడు. పరదేశపు జీవిని పెంచుతున్నట్టు ప్రభుత్వానికి తెలియజేసిన కాగితం. నేను చదివాను. ఇన్ని కాగితాలు ముందే సిద్ధం చేసుకున్నాడంటే ఏదో ఉందనుకున్నాను. లేకపోతే కాగితం లేదని అనుమానపడేవాణ్ణి.

మా ఆవిడ ధైర్యం తెచ్చుకుని అడిగింది. "ఇది మీద పడితే కూడా పంచాంగం చూడాలంటారా?"

"ఇది గోడెక్కలేదమ్మా. కాళ్ళకి ఆ జిగురు లేదు. ఎవరి మీదా పడదు. మనం దాని దగ్గరికి వెళ్తే తప్ప."

మా ఆవిడ ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. మా వీధిలో ఎవరి మీద బల్లి పడినా మా ఇంటికే వస్తారు. స్నానం చేసి వచ్చి, "మాస్టారూ, ఎడమ భుజమండి" అనో "మోకాలండి" అనో చెబితే, నేను పంచాంగంలో ఆ పేజీ తీసి ఫలితం చదువుతాను. మంచిదైతే నవ్వుకుంటూ పోతారు. కాకపోతే మా ఆవిడ చెయ్యి ముట్టుకుంటారు. ఆవిడ కంచిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చింది. ముట్టుకున్న వాళ్ళని ముట్టుకుంటే దోషం పోతుందని నమ్మకం. నేను బడిలో ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. అయినా ఆ పేజీ చదివేటప్పుడు గొంతు సవరించుకునేవాణ్ణి. నా నోటివైపు అవతలివాళ్ళు భయంగా చూడటం నాకు ఇష్టంగా ఉండేది. అది కూడా ఒప్పుకోవాలి.

ఆయన మంగళవారం మంగళవారం ఒక పార్సిలు తెప్పించుకునేవాడు. అట్టపెట్టెకి చుట్టూ చిల్లులు. లోపల కిచకిచ. కీచురాళ్ళు, బల్లికి తిండి. రైసు మిల్లుల నుంచి తవుడు తెచ్చి డబ్బాలో పోసి పిండిపురుగులు పెంచేవాడు. వాటిని తెల్లటి పొడిలో దొర్లించి పెట్టేవాడు. ఎముక బలానికట. బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న కాటా మీద ప్రతి శుక్రవారం బల్లిని తూచి, నోటుబుక్కులో రాసుకునేవాడు. చిల్లుల పెట్టెలు, తెల్లపొడి, బంగారం కాటా, గ్రాముల లెక్కలు. ఒక్కొక్కదానికి ఆయన చెప్పిన కారణం నాకు అర్థమయ్యేది. అన్నీ కలిపి చూసుకుంటే మాత్రం నిద్రపట్టేది కాదు.

ఎదురింటి బాబాయికి డెబ్బై ఏళ్ళు. బియ్యం వ్యాపారం కొడుకులకి అప్పజెప్పి, ఫోనులో వచ్చినవన్నీ వీధికి పంచడం పెట్టుకున్నాడు. కాటాలాయన మా మేడ మీద చేరిన రెండేళ్ళకి ఒకరోజు, బాబాయి వరండాలోకి వచ్చి ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు.

"చదువు మాస్టారూ. బల్లులకి విదేశాల్లో లక్షలంట. బరువుని బట్టి రేటంట. మీ మేడ మీదాయన తూచేది ఏంటి?"

"బల్లినే."

"మరింకేం! పెంచుతున్నాడనుకుంటున్నావా? మేపుతున్నాడు. రేపు పోలీసులొస్తే మొదట అడిగేది ఇంటి ఓనర్ని. సైన్సు మాస్టారివి, నీకు తెలీకుండా జరుగుతుందంటే ఎవరు నమ్ముతారు?"

"కాగితం ఉంది బాబాయ్."

"కాగితం ఒక్కదానికే. చిప్ప కింద ఎన్నున్నాయో నువ్వు చూశావా?"

చూడలేదు. ఆ మాట నన్ను పట్టుకుంది.

రెండ్రోజుల తర్వాత ఆయన కర్లపాలెం వైపు మిల్లుకి వెళ్ళాడు. మా ఆవిడ వంటింట్లో ఉంది. "పైన ట్యాంకు కారుతోందేమో చూసొస్తా" అని, నా దగ్గరున్న రెండో తాళంచెవి జేబులో వేసుకుని మెట్లెక్కాను. పొద్దున పదకొండు కావస్తోంది. ఎండ గది మధ్యదాకా వచ్చి ఉంది. మడతపెట్టిన పక్క, వరసగా తూకపు రాళ్ళు, మూలన గొడుగు. దొంగతనం చేసేవాడి గది ఇంత శుభ్రంగా ఉంటుందా అనిపించింది. అనిపించినా వెనక్కి రాలేదు.

అద్దం తలుపు జరిపి, చెయ్యి పెట్టి, కొబ్బరిచిప్ప ఎత్తాను.

కింద ఒక్కటే ఉంది. అది నిద్రపోతోంది. వెలుగు పడగానే ఉలిక్కిపడి, పారిపోవడానికి వేరే దారిలేక నా చేతిమీదుగానే పరిగెత్తింది. మణికట్టు, మోచెయ్యి, భుజం. అరిచానో లేదో గుర్తులేదు. ఎడమచేత్తో భుజం మీద కొట్టి, దొరికింది పట్టుకుని లాగాను. బల్లి నేలమీద పడింది. తోక నా పిడికిట్లో ఉంది. అది కదులుతోంది.

బల్లి భయపడితే తోక వదిలేస్తుందని తొమ్మిదో తరగతి పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. చేతిలో పట్టుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. బల్లి పరిగెత్తలేదు. పడ్డచోటే నిలబడి కళ్ళు మూసుకుంది. చిప్ప దాని మీద బోర్లించి, కింద కాగితం జరిపి, పెట్టెలో పెట్టాను. తోక మిగిలింది. కిటికీలోంచి పారేయొచ్చు. పారేస్తే ఎలా పోయిందని వెతుకుతాడు. దాన్ని అద్దం తలుపు జరిగే గాడిలో పెట్టి, తలుపు దాని మీదికి జరిపాను. కంగారులో చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కంగారులో కాదు, ఆలోచించే చేశాను.

కిందకొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. పంచాంగం తీశాను. పురుషులకి కుడిభుజం. వేలు పెట్టి వెతుకుతూ మధ్యలో ఆగిపోయాను. అందులో మీద పడ్డ బల్లుల సంగతి ఉంది. దాని ఇంటికప్పు ఎత్తి మనం మీదికి రప్పించుకున్న బల్లి సంగతి ఎవరు రాస్తారు? అయినా భయం పోలేదు. దోషం పోవాలంటే మా ఆవిడని ముట్టుకోవాలి. ముట్టుకుంటే బల్లి ఎక్కడ పడిందని అడుగుతుంది. వీధిలో వాళ్ళందరూ ధైర్యంగా వచ్చి చెప్పుకునే మాట నా ఇంట్లో నేను చెప్పుకోలేకపోయాను.

ఆవిడ బీరకాయ చెక్కు తీస్తోంది. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటి?"

"ఏంలేదు. ఊరికే."

"చేతికి పీచుంది, వదలండి" అని ముఖంలోకి చూసి మళ్ళీ పనిలో పడింది.

ఆయన సాయంత్రం వచ్చాడు. మెట్లెక్కిన చప్పుడు, తాళం చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి దిగి వచ్చి ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి అలా కూర్చోవడం చూడటం అదే మొదటిసారి.

"మాస్టారూ, తోక పోయిందండి."

నేను ఎలా పోయిందని అడగాలి. ఎవరైనా అడుగుతారు. అడగకుండా, "మొలుస్తుంది లెండి" అన్నాను.

"మొలుస్తుందాండి?"

"ఎందుకు మొలవదు! నేను పాఠం చెప్పేవాణ్ణి. లోపల ఎముక రాదు గానీ, మెత్తటిది వస్తుంది."

"మెత్తటిదైనా చాలండి" అని కండువాతో ముఖం తుడుచుకుని, నావైపు చాలాసేపు చూశాడు. ఆ చూపుని నేను ఆరేళ్ళు మోశాను. ఎలా పోయిందని అడగనివాడికి ఎలా పోయిందో తెలుసు. ఆ ముక్క ఆయన కనిపెట్టేశాడనుకున్నాను.

మర్నాటి నుంచి ఆయనకి కొత్త అలవాటు వచ్చింది. గదికి తాళం వేసి మెట్లు దిగేవాడు. మోపెడ్ దాకా వెళ్ళేవాడు. మళ్ళీ ఎక్కేవాడు. తాళం తీసి, లోపలికెళ్ళి, చూసి, తాళం వేసి దిగేవాడు. కొన్నిరోజులు మూడుసార్లు. ఆయన ఎక్కినప్పుడల్లా కింద నా గుండెల మీద ఎక్కుతున్నట్టుండేది. నన్ను కనిపెట్టడానికే, నాకు వినపడేలా చేస్తున్నాడనుకున్నాను. నన్ను చూసి 'టిఫినయిందాండి' అంటే అందులో ఎత్తిపొడుపు వెతికాను. పండగకి మా ఆవిడకి పళ్ళు తెచ్చిస్తే, నన్ను సిగ్గుపడేలా చేయడానికే అనుకున్నాను. మొదట ఆయన దొంగేమోనని అనుమానం. తర్వాత నేను దొంగనని ఆయనకి తెలిసిందేమోనని అనుమానం. రెండోది మొదటిదానికన్నా బరువు.

నెలన్నర భరించి, మా చెల్లెలి కొడుకు వస్తున్నాడని అబద్ధం చెప్పి ఖాళీ చేయమన్నాను.

"అలాగేనండి" అన్నాడు. మెట్లెక్కబోతూ వెనక్కి తిరిగి, "బల్లి వల్ల ఏమైనా ఇబ్బందా మాస్టారూ?" అని అడిగాడు.

"అబ్బే, అదేం లేదు."

ఆటోలో బల్లిపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పాపం, దానికి ఎండ తగులుతుందేమో" అంది. "వెచ్చదనం దానికి మంచిదేనమ్మా" అని నవ్వాడు. నేను మేడ మీద ట్యాంకు దగ్గర నిలబడి చూశాను.

మళ్ళీ ఒకసారి కనిపించాడు. ఏడాది తర్వాత బాపట్లలో పెళ్ళికెళ్ళి బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డుకవతల ఎరువుల కొట్టు ముందు పెద్ద కాటా పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. గభాలున ముఖం తిప్పుకుని, గోడ మీద సినిమా పోస్టరు చదువుతున్నట్టు నటించాను. ఆయన చూసేశాడు. చేతిలో స్పానరుతోనే లేచి, బజారంతా వినపడేలా కేక పెట్టాడు.

"మాస్టారూ! మాస్టారూ! తోక వచ్చేసిందండీ! నిండా వచ్చేసింది!"

సోడాబండి వాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, అందరూ నావైపు చూశారు. ఇంత కసి పెట్టుకున్నాడా, నలుగురిలో నిలబెట్టి కడిగేస్తున్నాడా అనుకున్నాను. ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేశాను. అది చీరాల బస్సు. తెనాలికి టిక్కెట్టడిగాను. కండక్టరు "తెనాలి అటండీ" అంటే, "తెలుసులెండి" అన్నాను. కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా రెండు చేతులూ చాపి, తోక ఎంత లావుందో చూపిస్తూనే ఉన్నాడు.

పోయిన నెల ఫోను వచ్చింది.

"తెనాలి మాస్టారాండి? రేపల్లె నుంచండి. కాటాలాయన మా మేడ మీద ఉండేవారు. ఛాతీలో నొప్పన్నారండి, గుంటూరు తీసుకెళ్ళేలోపే పోయారు. పదకొండో రోజు కూడా అయిపోయింది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"వాళ్ళ అక్కగారి వాళ్ళొచ్చి కాటాలు, రాళ్ళు పట్టికెళ్ళారండి. బల్లిని మాత్రం ముట్టుకోలేదు. నేను కళ్ళు మూసుకుని పట్టకారుతో పురుగులు వేస్తున్నాను, నావల్ల కాదండి ఇంక. నాకేదన్నా అయితే తెనాలి మాస్టారికివ్వమ్మా అని ఎప్పుడూ అనేవారు."

"నాకెందుకు?"

"అదేంటండీ, దాని తోక పోయినప్పుడు ధైర్యం చెప్పింది మీరేనంటగా! మీ మాట మీదే అన్నం తిన్నానని చెప్పేవారు."

ఫోను పెట్టేశాక కూడా నాకు అనుమానమే. చచ్చిపోతూ ఎంత పకడ్బందీ శిక్ష వేశాడు అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే వెళ్ళింది.

రేపల్లెలో ఫోను చేసిన ఇంటావిడ మేడ మీది గది తాళం తీసింది. ఇక్కడా గది అంతే శుభ్రం. చెక్కపెట్టె, చిప్ప, తడిగుడ్డ. బల్లి తల బయటపెట్టి నన్ను చూసి లోపలికి పోయింది. పోతూ తోక కనిపించింది. ఉంగరాలు లేవు, చుక్కలు సరిగా లేవు. ముల్లంగి దుంపలా నున్నగా, పొట్టిగా, లావుగా ఉంది. పక్కనే శుక్రవారాల నోటుబుక్కు, అక్కగారి వాళ్ళు వదిలేసి వెళ్ళిన చిన్న కాటా.

నేను మొదట వెతికింది నా సంగతే. ఆ వారం పేజీ దొరికింది. ముందు శుక్రవారం యాభై ఎనిమిది. ఆ శుక్రవారం నలభై తొమ్మిది. పక్కన ఆయన గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది:

"తోక పోయింది. అద్దం తలుపు సరిగా చూడకుండా వేశాను. సందులో నలిగింది. నాదే తప్పు. ఇకనుంచి రెండుసార్లు చూడాలి."

తర్వాతి పేజీల్లో, ప్రతి శుక్రవారం తూకం కింద: 'తలుపు చూశాను.' 'తలుపు చూశాను.' బాపట్లలో నేను చీరాల బస్సెక్కిన రోజుల దాకా అదే. ఆ తర్వాత ఒకచోట: "తోక నిండా వచ్చింది. మాస్టారు చెప్పినట్టే. బజార్లో కనిపిస్తే చెప్పాను. తొందరలో ఉన్నారు."

నేను ఆ గది నేల మీద కూర్చున్నాను. ఆయన నన్ను ఒక్కరోజు కూడా అనుమానించలేదు. నేను చేసిన పనిని తన పేరున రాసుకుని, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తలుపు చూసుకుంటూ బతికాడు. ఆ చప్పుడు కింద కూర్చుని విన్నవాణ్ణి నేనే. 'మీ తప్పు కాదండి' అని ఒక్క మాట అంటే ఆ ఎక్కడం దిగడం ఆగిపోయేది. బాపట్లలో ఆ కేక కసి కాదు. తన నెత్తిన ఉన్నది కొంచెం దిగిందన్న సంతోషం. అది పంచుకోవడానికి ఆయనకి నేను తప్ప ఇంకెవరూ కనపడలేదు.

నోటుబుక్కు ఆఖరి పేజీలో 'మొదటిసారి పెంచేవారికి' అని కొన్ని మాటలు రాసిపెట్టాడు. ఎన్ని పురుగులు, ఎన్నాళ్ళకి పొడి, కుబుసం విడిచేటప్పుడు తడిగుడ్డ. పెట్టె కింద బల్ల సమంగా ఉండాలి. పైనుంచి పట్టుకోవద్దు, గద్ద అనుకుంటుంది. "చెయ్యి లోపల పెట్టి ఊరుకోండి. అదే వచ్చి ఎక్కుతుంది. రాకపోతే బాధపడకండి, మర్నాడు మళ్ళీ పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం తలుపు. నేను ఒకసారి చూడక దాని తోక పోగొట్టాను."

రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దమనిషి అడిగాడు.

"ఏంటండీ అది? చిలకా?"

"బల్లండి."

ఆయన చెప్పులు వేసుకుని వేరే సీటుకి వెళ్ళాడు. నన్నేమనుకుని ఉంటాడో నాకు బాగా తెలుసు.

ఇంట్లో పెట్టె ఎక్కడ పెట్టాలో తోచలేదు. మా ఇంట్లో సమంగా ఉన్న బల్ల ఒక్కటే. దాని మీదే పెట్టాను. మేం ఇప్పుడు కింద చాప మీద కూర్చుని తింటున్నాం. ఆ మొదటిరోజు భోజనాలయ్యాక మా ఆవిడతో అన్నాను.

"ఆరేళ్ళ కిందట ఇది నా మీదికెక్కింది. కుడిభుజం. ఆయన లేనప్పుడు తాళం తీసి వెళ్ళాను. తోక నేనే తెంపాను."

ఆవిడ కంచాలు తీస్తూ ఆగింది. "తోక సంగతి తెలీదు. బల్లి సంగతి తెలుసు."

"ఎలా?"

"బీరకాయ తరుగుతుంటే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళలో ఊరికే పట్టుకున్న మనిషా మీరు? దోషం పోగొట్టుకోవడానికొచ్చారని అప్పుడే అనుకున్నాను. చెబుతారేమో అని చూశాను." కంచాలు సింకులో పెట్టి వెనక్కి తిరిగింది. "ఆయన ఉండగా చెప్పి ఉంటే బాగుండేదండి."

"అవును" అన్నాను.

"మరి ఆ దోషం?" అంది కాసేపటికి.

"నీ చేత్తో పోయేది కాదులే."

కాగితంలో పేరు మార్పించడానికి దరఖాస్తు పెట్టాను. జీవి ఎవరి నుంచి సంక్రమించింది అన్న చోట ఆయన పేరు పూర్తిగా రాశాను. ఇంటిపేరుతో సహా. నోటుబుక్కులో కూడా ఆ శుక్రవారం కింద, ఆయన అక్షరాలు కొట్టెయ్యకుండా, నా చేత్తో ఏం జరిగిందో రాసి సంతకం పెట్టాను. చదవాల్సిన మనిషి చదవడు. అది తెలిసే రాశాను.

రోజూ సాయంత్రం దీపం పెట్టేవేళకి అద్దం తలుపు జరిపి, అరచెయ్యి పైకి పెట్టి, చిప్పకి జానెడు దూరంలో ఉంచుతాను. పది నిమిషాలు. అది వాకిట్లోకి వచ్చి నా చేతిని చూస్తుంది. ఒక్కోసారి రెప్ప వేస్తుంది. మొన్న ఒక కాలు ముందుకేసి, అలాగే ఆగి, మళ్ళీ తీసేసుకుంది. దానికి గుర్తుందేమో. ఉంటే ఉండనీ.

ఇవాళ పదిహేడో రోజు. రాలేదు. చెయ్యి బయటికి తీసి, తలుపు వేసి, ఒకసారి చూశాను. వంటింటి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ చూశాను.